కేవీ రెడ్డి: కరవు సీమ నుంచి వెళ్లి తమిళులకూ పెళ్లి భోజనం వడ్డించిన మన తాడిపత్రి డైరెక్టర్

1957 ఏప్రిల్ 12. తమిళ సంవత్సరాది ఇంకో రెండు రోజులు ఉందనగా తమిళనాట థియేటర్లలోకి ఓ సినిమా వచ్చింది. పేరు మాయాబజార్. తెరమీద ఘటోత్కచుడు వివాహ భోజనం ముందు కూర్చుని గిన్నెలకు గిన్నెలు ఖాళీ చేస్తుంటే జనం నోళ్లు తెరిచి చూశారు. ఆ పాట తమిళ వెర్షన్ ఈరోజుకీ అక్కడి పెళ్లిళ్లలో వినిపిస్తూనే ఉంటుంది. అయితే ఆ విందును అంత నోరూరేలా తెరమీద వడ్డించిన మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో తెలుసా? దేశంలోనే అతి తక్కువ వానలు పడే జిల్లాల్లో ఒకటైన మన అనంతపురం నుంచి. ఆయనే కదిరి వెంకటరెడ్డి. అందరికీ తెలిసిన పేరు కేవీ రెడ్డి.

మాయాబజార్ అనగానే ఎన్టీఆర్, ఎస్వీఆర్, సావిత్రి గుర్తొస్తారు. ఇంకాస్త ముందుకెళ్తే ఘంటసాల, పింగళి. డైరెక్టర్ పేరు చాలామందికి తెలుసు కానీ, ఆయన మన పక్క ఊరాయన అన్న సంగతి మాత్రం చాలామందికి తెలీదు. క్యాషియర్‌గా సినిమాల్లోకి వచ్చి, రెండు భాషల్లో చరిత్ర సృష్టించి, చివర్లో వరస ఫ్లాపులు చూసి వెళ్లిపోయిన ఆ మనిషి కథ ఇది.

పెన్నా ఒడ్డున పుట్టి..

కేవీ రెడ్డి పుట్టింది 1912 జులై 1న, తాడిపత్రిలో. పెన్నా ఒడ్డున ఉన్న ఊరు. నది ఉందన్న మాటే గానీ అందులో నీళ్ల కంటే ఇసుక కనిపించే రోజులే ఎక్కువ. బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి, చింతల వెంకటరమణ స్వామి గుడి, ఇళ్లకు పరిచే నల్ల బండలు.. తాడిపత్రి అంటే బయటి వాళ్లకు గుర్తొచ్చేవి ఇవే. నాటక రంగంలో మహానటుడిగా పేరు పొందిన బళ్లారి రాఘవ పుట్టింది కూడా ఇదే ఊళ్లో, 1880లో.

కేవీకి రెండేళ్లున్నప్పుడే తండ్రి పోయారు. తల్లి వైపు వాళ్ల దగ్గర పెరిగారు. తాడిపత్రి స్కూల్లో చదివేటప్పుడే ఆయనకో స్నేహితుడు దొరికాడు. పేరు మూలా నారాయణస్వామి. తర్వాతి రోజుల్లో తెలుగు సినిమా దశ మార్చిన స్నేహం ఇది. ఎలాగో ముందు ముందు చూద్దాం.

పై చదువుకి కేవీ మద్రాస్ వెళ్లారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ ప్రధానంగా బీఎస్సీ చేశారు. ఫొటోగ్రఫీ మీద ఇష్టం ఉండేది. ఆ రోజుల్లో సైన్స్ డిగ్రీ ఉన్న కుర్రాడు సర్కారీ కొలువు కోసం చూస్తాడు. ఈయన మాత్రం సినిమా వైపు నడిచారు.

డబ్బులు లెక్కపెట్టే ఉద్యోగం

సినిమాల్లో ఆయన తొలి ఉద్యోగం ఏంటో తెలుసా? క్యాషియర్! హెచ్.ఎం. రెడ్డి తీసిన గృహలక్ష్మి 1938లో రిలీజైంది. ఆ సినిమా తీసిన రోహిణి సంస్థలో కేవీ లెక్కలు చూశారు. బీఎన్ రెడ్డి, చిత్తూరు నాగయ్యలతో పరిచయం పెరిగింది అక్కడే.

తర్వాత బీఎన్ రెడ్డి సొంతంగా వాహినీ సంస్థ పెట్టారు. అందులో ప్రధాన భాగస్వామి ఎవరనుకుంటున్నారు? తాడిపత్రి మూలా నారాయణస్వామే. కడప జిల్లా బీఎన్ రెడ్డి, అనంతపురం జిల్లా నారాయణస్వామి, కేవీ.. ఇలా మద్రాస్‌లో ఓ చిన్న రాయలసీమే తయారైంది. వాహినీ తొలి సినిమా వందేమాతరం 1939లో వచ్చింది. ఆ తర్వాత సుమంగళి, దేవత. వీటన్నిటికీ కేవీ తెరవెనుకే ఉన్నారు. ప్రొడక్షన్ మేనేజర్ పని. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఏ సెట్‌కి ఎంత అయింది, ఫిల్మ్ ఎన్ని అడుగులు ఖర్చయింది.. ఇవన్నీ చూడటం.

ఈ నాలుగైదేళ్లూ ఆయన ఊరికే లెక్కలు రాయలేదు. సినిమాలో డబ్బు ఎక్కడ వృథా అవుతుందో కళ్లారా చూశారు. స్క్రిప్ట్ రెడీ కాకుండా సెట్‌కి వెళ్తే ఏమవుతుందో చూశారు. తర్వాత డైరెక్టర్‌గా ఆయన పద్ధతి మొత్తం ఈ అనుభవం మీదే నిలబడింది.

తొలి సినిమా.. యుద్ధం మధ్యలో

క్యాషియర్‌కి డైరెక్షన్ ఇవ్వడం అంటే ఇప్పుడే కాదు, అప్పుడు కూడా రిస్కే. ఆ ఛాన్స్ కేవీకి దక్కడంలో బాల్య స్నేహితుడు నారాయణస్వామి అండ చాలా పెద్దది. సినిమా భక్త పోతన. అది రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తయారైంది. 1942లో జపాన్ బాంబుల భయంతో మద్రాస్ జనం ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఫిల్మ్ దొరకడం కూడా కష్టమైపోయింది. అలాంటి టైంలో ఓ కొత్త డైరెక్టర్ సినిమా పూర్తి చేసి 1943లో రిలీజ్ చేశాడు. నాగయ్య పోతనగా జనం గుండెల్లో నిలిచిపోయారు. సినిమా సూపర్ హిట్.

రెండో సినిమా యోగి వేమన, 1947. ఇక్కడ మన జిల్లా వాళ్లకు ఓ విషయం చెప్పాలి. వేమన సమాధి ఉన్న కటారుపల్లి కదిరి ప్రాంతంలోనే ఉంది. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా. కేవీ ఇంటి పేరు కూడా కదిరే. అంటే తన సీమ యోగి కథనే ఆయన తెరకెక్కించారన్నమాట. పోతనంత డబ్బులు రాలేదు కానీ, నాగయ్య నటనకు ఇది శిఖరం అని ఇప్పటికీ సినిమా తెలిసినోళ్లు చెప్తారు.

1949లో గుణసుందరి కథ. షేక్‌స్పియర్ రాసిన కింగ్ లియర్ నాటకంలోని తండ్రీ ముగ్గురు కూతుళ్ల పాయింట్ తీసుకుని, దాన్ని మన అమ్మమ్మలు చెప్పే జానపద కథలా మార్చేశారు. పింగళి నాగేంద్రరావుతో కేవీ జోడీ ఇక్కడే మొదలైంది. బ్లాక్‌బస్టర్.

స్నేహితుడు పోయిన ఏడాది

వాహినీ స్టూడియో నిర్మాణం వెనక మూలా నారాయణస్వామి డబ్బు, పట్టుదల ఉన్నాయి. దక్షిణాదిలో పెద్ద స్టూడియోగా దాన్ని నిలబెట్టాలని ఆయన కల. కానీ ఆర్థిక చిక్కులు చుట్టుముట్టాయి, ఆరోగ్యం దెబ్బతింది. 1950లో ఆయన కన్నుమూశారు. స్టూడియో నిర్వహణ బి. నాగిరెడ్డి చేతికి వచ్చి, తర్వాత విజయా వాహినీగా ఆసియాలోనే పెద్ద స్టూడియోల్లో ఒకటిగా ఎదిగింది. తాడిపత్రి స్నేహితుడు వేసిన పునాది మీదే కేవీ తర్వాతి సినిమాలన్నీ నిలబడ్డాయి. తన చేతులతో మొదలుపెట్టిన స్టూడియోలో మాయాబజార్ తయారవడం మాత్రం నారాయణస్వామి చూడలేకపోయారు.

పాతాళభైరవి.. రెండు భాషల తొలి పరీక్ష

నాగిరెడ్డి, చక్రపాణి కలిసి పెట్టిన విజయా సంస్థలో కేవీ తీసిన తొలి సినిమా పాతాళభైరవి. 1951. తోటరాముడిగా ఎన్టీఆర్, నేపాళ మాంత్రికుడిగా ఎస్వీ రంగారావు. ఈ ఒక్క సినిమాతో ఇద్దరి కెరీర్లూ మారిపోయాయి. అదే ఏడాది తమిళంలో కూడా వచ్చింది. అంతే కాదండోయ్, 1952లో మన దేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ ఫిలిం ఫెస్టివల్లో కూడా దీన్ని ప్రదర్శించారు.

ఆ తర్వాత కేవీ రూటు మార్చారు. 1954లో పెద్దమనుషులు. ఊరి పెద్దల ముసుగు తీసే సోషల్ సినిమా. ఇబ్సన్ నాటకం దీనికి ఆధారం. డైలాగులు డీవీ నరసరాజు. రాష్ట్రపతి రజత పతకం వచ్చింది. 1955లో దొంగరాముడు. దుక్కిపాటి మధుసూదనరావు, అక్కినేని కలిసి పెట్టిన అన్నపూర్ణ సంస్థకు ఇదే మొదటి సినిమా. సంస్థ పెట్టింది 1951లో. కేవీ డేట్స్ కోసం వాళ్లు ఏళ్ల తరబడి ఆగారు. ఆయన డిమాండ్ అప్పట్లో ఏ రేంజ్‌లో ఉండేదో దీన్ని బట్టే అర్థం చేసుకోవచ్చు.

స్టాప్‌వాచ్ డైరెక్టర్

కేవీ పని చేసే తీరు గురించి చెప్పాలంటే ముందు ఆయన చేతిలోని స్టాప్‌వాచ్ గురించి చెప్పాలి. షూటింగ్‌కి ముందే సీన్లు రిహార్సల్ చేయించేవారు. ఎంత సేపు పడుతుందో వాచీ పెట్టి చూసేవారు. దాన్నిబట్టి ఆ సీన్‌కి ఎన్ని అడుగుల ఫిల్మ్ అవుతుందో ముందే లెక్క. ఒక్కసారి స్క్రిప్ట్ ఫైనల్ అయితే సెట్లో మార్పులు ఉండవు. ఎడిటింగ్ టేబుల్ మీద కోసి పారేసేది చాలా తక్కువ. మాయాబజార్ టైంలో ఆయన దగ్గర శిష్యరికం చేసిన సింగీతం శ్రీనివాసరావు, తర్వాత తాను పెద్ద డైరెక్టర్ అయ్యాక కూడా ఈ పద్ధతి గురించి ఎన్నోసార్లు చెప్పారు.

క్యాషియర్ ఉద్యోగం, ఫిజిక్స్ డిగ్రీ.. రెండూ ఆ వాచీలో కనిపిస్తాయి. ఇంకోటి కూడా ఉందేమో. వానాకాలంలో పడే నాలుగు చినుకులతోనే ఏడాది నెట్టుకురావాల్సిన ప్రాంతంలో పెరిగినోళ్లకు, ఉన్నదాన్ని పొదుపుగా వాడటం ఎవరూ నేర్పక్కర్లేదు.

1957: తమిళ సినిమాకి మరిచిపోలేని ఏడాది

ఇక అసలు ఏడాదికి వద్దాం. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మద్రాస్ తమిళులకే ఉండిపోయింది. మద్రాస్ ఎవరిది అన్న గొడవలో రెండు వైపులా మనసులు చేదెక్కిన రోజులవి. కానీ స్టూడియోలు మాత్రం మద్రాస్‌లోనే ఉన్నాయి. మనోళ్లు కూడా అక్కడే ఉన్నారు. తెలుగోళ్ల పని ఇక అక్కడ సాగుతుందా అన్న ప్రశ్న ఉండనే ఉంది.

దానికి 1957 ఇచ్చిన ఆన్సర్ చూడండి. ఆ ఏడాది శివాజీ గణేశన్ వణంగాముడి తీసింది మన పి. పుల్లయ్య, హీరోయిన్ సావిత్రి. శివాజీ అంబికాపతిలో హీరోయిన్ భానుమతి. ఎంజీఆర్ చక్రవర్తి తిరుమగళ్‌లో అంజలీదేవి. సువర్ణసుందరిని తెలుగు, తమిళం రెండింట్లోనూ తీసింది వేదాంతం రాఘవయ్య. తోడికోడళ్లు కథను తమిళంలో ఎంగళ్ వీట్టు మహాలక్ష్మిగా తీసింది ఆదుర్తి సుబ్బారావు. అందరికంటే ఎక్కువ కాలం నిలిచింది మాత్రం మన తాడిపత్రి రెడ్డి గారి మాయాబజార్.

తెలుగులో మార్చి 27న రిలీజైంది. తమిళంలో సరిగ్గా 16 రోజుల తర్వాత. ఇది డబ్బింగ్ కాదు. రెండు వెర్షన్లు విడివిడిగా తీశారు. కృష్ణుడు ఎన్టీఆర్, ఘటోత్కచుడు ఎస్వీఆర్, శశిరేఖ సావిత్రి రెండింట్లోనూ ఉన్నారు. తమిళంలో శశిరేఖ పేరు వత్సల. తెలుగులో అక్కినేని చేసిన అభిమన్యుడు అక్కడ జెమినీ గణేశన్. రేలంగి చేసిన లక్ష్మణకుమారుడు అక్కడ తంగవేలు. సీఎస్ఆర్ శకుని అక్కడ నంబియార్. డైలాగులు, పాటలు తంజై రామయ్యదాస్ రాశారు. వివాహ భోజనం పాటను తెలుగులో మాధవపెద్ది సత్యం పాడితే, తమిళంలో తిరుచ్చి లోకనాథన్ పాడారు.

ఒకే సెట్, ఒకే కెమెరా, రెండు భాషలు. ఒక ఆర్టిస్ట్ లేచి వెళ్తే ఇంకో ఆర్టిస్ట్ వచ్చి అదే చోట నిలబడాలి. లక్ష్మణకుమారుడి కామెడీ రేలంగి టైమింగ్ వేరు, తంగవేలు టైమింగ్ వేరు. స్టాప్‌వాచ్ డైరెక్టర్ లేకపోతే ఈ పని ఎంత గందరగోళం అయ్యేదో ఊహించుకోవచ్చు.

అసలు రిస్క్ ఎక్కడంటే..

ఇప్పుడు మనకి కృష్ణుడంటే ఎన్టీఆరే. కానీ 1957కి ముందు పరిస్థితి అది కాదు. అంతకుముందు ఓ సినిమాలో కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనం పెద్దగా ఒప్పుకోలేదు. అందుకే ఆయన మళ్లీ ఆ వేషం అంటే వెనకాడారు. కేవీ పట్టుబట్టి ఒప్పించారు. కిరీటం, మేకప్, నడక, నవ్వు.. అన్నీ దగ్గరుండి చూసుకున్నారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు జనం ఇళ్లలో కృష్ణుడి పటంగా ఎన్టీఆర్ ఫొటో పెట్టుకున్నారంటే, దాని మొదలు ఇక్కడే.

రెండో రిస్క్ కథలోనే ఉంది. వ్యాస భారతంలో ఈ శశిరేఖ పెళ్లి గొడవే లేదు. ఇది జనం చెప్పుకున్న కథ. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజం వాళ్లు మాయాబజార్‌ను ఊరూరా ఆడారు. 1936లో సినిమాగా కూడా ఒకసారి వచ్చేసింది. అంటే అందరికీ తెలిసిన కథ. ఇందులో పాండవులు తెరమీద అసలు కనిపించరు. అయినా వాళ్లు లేని లోటు చూసేవాళ్లకు గుర్తే రాదు. స్క్రీన్‌ప్లే బలం అంటే అదీ. పింగళి ఇచ్చిన కొత్త కొత్త మాటలు ఇప్పటికీ మన ఇళ్లలో, రాజకీయ విమర్శల్లో కూడా తిరుగుతున్నాయి. ఎవరైనా మంచి పని చేస్తే వీరతాడు వేయమంటాం కదా, అది అక్కడిదే.

మూడోది టెక్నిక్. కంప్యూటర్ గ్రాఫిక్స్ అనే మాటే లేని రోజులు. కెమెరామెన్ మార్కస్ బార్ట్లీ కెమెరాతోనే మాయ చేశారు. లడ్డూలు వాటంతట అవే నోట్లోకి వెళ్లడం, ఘటోత్కచుడు పెరిగిపోవడం, చాపలు వాటంతట అవే చుట్టుకోవడం.. పడవ పాటలో వెన్నెల చూసి నిజం వెన్నెలే అనుకున్నవాళ్లు ఎందరో. గోఖలే, కళాధర్ వేసిన ద్వారక మినియేచర్ సెట్‌ను పైనుంచి చూపిస్తుంటే పెద్ద నగరమే అనిపిస్తుంది.

మ్యూజిక్ సైడ్ కూడా చిక్కే. సాలూరి రాజేశ్వరరావు కొన్ని ట్యూన్లు చేశాక తప్పుకున్నారు. మిగతా బాధ్యత ఘంటసాల తీసుకున్నారు. సినిమా చూస్తే ఎక్కడా అతుకు కనిపించదు.

ఇన్ని లెక్కలు, ఇన్ని చిక్కుల మధ్య తీసిన సినిమా రెండు భాషల్లోనూ పెద్ద హిట్టయింది. రాష్ట్రాలు విడిపోయిన కొన్నేళ్లకే ఒకే పెళ్లి భోజనానికి ఇటు తెలుగోళ్లు, అటు తమిళులు కూర్చున్నారు.

తర్వాత ఏమైంది?

1958లో పెళ్లినాటి ప్రమాణాలు తీశారు. దానికీ రాష్ట్రపతి రజత పతకం వచ్చింది. 1961లో జగదేకవీరుని కథ. పాత తమిళ సినిమా జగతలప్రతాపన్ దీనికి మూలం. మళ్లీ సూపర్ హిట్. 1963లో ఎన్టీఆర్, ఏఎన్నార్ కలిసి నటించిన శ్రీకృష్ణార్జున యుద్ధం. అదీ నిలబడింది.

1965 నుంచి మాత్రం కాలం తిరగబడింది. సత్య హరిశ్చంద్ర ఆడలేదు. 1968లో వచ్చిన ఉమా చండీ గౌరీ శంకరుల కథ, భాగ్యచక్రం రెండూ పోయాయి. అదే ఎన్టీఆర్, అదే డైరెక్టర్, అదే స్టాప్‌వాచ్. జనం మాత్రం మారిపోయారు. కలర్ సినిమా వచ్చేసింది. సోషల్ సినిమాలు, ఫైట్లు, స్పీడు వచ్చేశాయి. అడుగడుగూ కొలిచి తీసే పద్ధతి ఆ స్పీడులో వెనకబడిపోయింది. సీన్ ఎన్ని నిమిషాలో వాచీ చెప్తుంది కానీ, థియేటర్లో జనం ఎన్ని నిమిషాలు ఓపిక పడతారో చెప్పదు కదా.

చివరికి 1971లో ఎన్టీఆర్, జయలలిత నటించిన శ్రీకృష్ణ సత్యతో మళ్లీ తెరమీదికి వచ్చారు. తాను కృష్ణుడిగా మలిచిన మనిషినే మళ్లీ కృష్ణుడిగా చూపించారు. అదే ఆఖరి సినిమా. 1972 సెప్టెంబర్ 15న కేవీ రెడ్డి కన్నుమూశారు. వయసు 60 ఏళ్లు. 28 ఏళ్ల డైరెక్షన్ కెరీర్‌లో తీసింది 14 సినిమాలే.

మన దగ్గర మిగిలింది?

2010లో మాయాబజార్ రంగుల్లో మళ్లీ రిలీజైతే, పుట్టేసరికి ఆ సినిమాకి నలభై ఏళ్లు దాటిపోయిన పిల్లలు కూడా థియేటర్లలో చప్పట్లు కొట్టారు. 2013లో భారతీయ సినిమా వందేళ్ల సందర్భంగా సీఎన్‌ఎన్-ఐబీఎన్ ఛానెల్ పెట్టిన పోల్‌లో దేశంలోనే గొప్ప సినిమాగా జనం దీన్నే ఎన్నుకున్నారు. హిందీ క్లాసిక్స్ అన్నిటినీ దాటి.

అనంతపురం పేరు న్యూస్‌లో వస్తే ఏముంటుంది? వేరుశనగ ఎండిపోయింది, బోర్లు ఎండిపోయాయి, జనం వలస పోయారు. ఆ వార్తలు మేమే రాస్తుంటాం. అవి అబద్ధం కాదు. కానీ పని వెతుక్కుంటూ ఊరు దాటినోళ్లలో ఇద్దరు తాడిపత్రి స్నేహితులు కూడా ఉన్నారు. ఒకరు స్టూడియో కట్టడానికి తన డబ్బు పెట్టారు, ఇంకొకరు అందులో మాయాబజార్ తీశారు. ఈ సంగతి మన పిల్లలకు ఏ సిలబస్‌లోనూ కనిపించదు.

ఈసారి టీవీలో మాయాబజార్ వస్తే, ఛానెల్ మార్చే ముందు టైటిల్స్ దాకా ఆగండి. చివర్లో వచ్చే డైరెక్టర్ పేరు మనోడిది. ఇంట్లో పిల్లలుంటే ఆ మాట వాళ్లకీ ఓసారి చెప్పండి.